ఆఖరి కచేరీ, రెండో వైపు

పోయిన వారం మనం షారోన్‌ను ప్రొద్దుటూరులో, ఆమె సొంత స్టూడియోలోనే, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఉండగా వదిలేసి వచ్చాం. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఉమైర్ ఉన్నాడు. ముప్పై ఒకటో ఏట కన్నతల్లి గొంతు మొదటిసారి విన్నాడు పాపం. విన్న మొట్టమొదటి మాట "నా కోసం యాడా ఎతకొద్దు" అని.

ఈ వారమే మనతో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం వెనకటి సంగతి కొంచెం చెప్పాలి. తొంభైల మొదట్లో జమ్మలమడుగులో నలుగురు కలిసి 'కడప బ్లాక్' అని ఒక రాక్ బ్యాండు పెట్టారు. మిషన్ కాంపౌండులో పెరిగిన శుభాకర్ పాడేవాడు. అతని భార్య జ్ఞానమ్మ కీబోర్డు వాయించేది. కలీం గిటారు, హుమాయున్ డ్రమ్స్. పెళ్ళిళ్ళ బ్యాండు తప్ప ఇంకో బ్యాండు ఎరగని జనం మొదట ముక్కున వేలేసుకున్నారు, తర్వాత అలవాటుపడ్డారు, ఆ తర్వాత టికెట్టు కొని వచ్చారు. 1994 జనవరిలో హుమాయున్ కువైట్ ప్రయాణం ఖాయమైంది. అతను లేకుండా బ్యాండు నడపడం ఇష్టం లేక, ప్రొద్దుటూరులో మూతబడిన ఒక సినిమా హాల్లో వీడ్కోలు కచేరీ చేసి, దాన్ని రెండు క్యాసెట్లలో రికార్డు చేసుకుని, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

మూడు నెలలకు హుమాయున్ భార్య మెహతాబ్ పది నెలల కొడుకును ఉయ్యాల్లో వేసి, "శుభాకరన్న ఇంటికి పోయొస్తా" అని చెప్పి బయలుదేరి, మళ్ళీ రాలేదు. ఆ రోజే కాదు, హుమాయున్ కువైట్ పోయాక ఆమె ఒక్కసారి కూడా తన గడప తొక్కలేదని శుభాకర్ బైబిలు మీద చెయ్యేసి చెప్పాడు. పులివెందులలో పుట్టింటివాళ్ళు ఊరూరా తిరిగారు. రెండు రోజులకు మైలవరం రిజర్వాయరు కట్ట మీద ఆమె చెప్పులు దొరికాయి. మనిషి దొరకలేదు. శుభాకర్ మాటను ఊళ్ళో సగం మంది నమ్మారు, సగం మంది నమ్మలేదు. ప్రాణస్నేహితుడు హుమాయున్ నమ్మనివాళ్ళలో ఉన్నాడు.

ఆ శుభాకర్ కూతురే షారోన్. ఉయ్యాల్లో పిల్లవాడే ఉమైర్. పోయిన నెల ఉమైర్ జేజి, అంటే హుమాయున్ తల్లి, బిస్మిల్లా బీ కాలం చేశాక ఆమె ట్రంకు పెట్టె తెరిస్తే, అడుగున కచేరీ రెండో క్యాసెట్ బయటపడింది. పైన చీటీ మీద శుభాకర్ చేతిరాత ఉంది.

మామూలు క్యాసెట్‌లో టేపు సగం వెడల్పు మొదటి వైపుకు, సగం వెడల్పు రెండో వైపుకు పోతుంది. ఒకప్పుడు మిషన్ డాక్టరు ఒకాయన వెళ్ళిపోతూ శుభాకర్‌కు ఇచ్చిన నాలుగు ట్రాకుల మెషిన్ పద్ధతి వేరు. అది టేపు మొత్తాన్ని పక్కపక్కన నాలుగు చారలుగా చేసి ఒకే దిక్కుకు వాడుకుంటుంది. ఒకటి, రెండు ట్రాకుల్లో గిటారూ కీబోర్డూ, రెండో వైపు సగంలో పడే మూడులో శుభాకర్ గొంతు, నాలుగులో డ్రమ్స్. అలాంటి క్యాసెట్‌ను ఇంట్లో టేప్‌రికార్డర్‌లో తిప్పి వేస్తే రెండో వైపు తలకిందుల గోల వినిపిస్తుంది. పాడైన వైపనుకుని ఎవరైనా దాని మీద ఇంకేదో రికార్డు చేసుకుంటారు. మెహతాబ్ చేసిన పొరపాటు అదేనని షారోన్ అనుకుంది. కువైట్‌లో ఉన్న భర్తకు క్యాసెట్‌లో ఉత్తరం చెప్పుకోవడానికి ఆమె ఆ వైపు వాడుకుంది. అందుకే చివరి పాటల కింద శుభాకర్ గొంతూ డ్రమ్సూ చెరిగిపోయి, ఒక ఆడమనిషి మాటలు వెనక్కి నడుస్తున్నాయి. ఆ ముక్కను కంప్యూటర్లో తిరగేస్తే ఉత్తరం వినబడింది. కాకపోతే ఉత్తరం చివర ముందు దొరికింది, మొదలు ఆఖరి పాట కింద ఉండిపోయింది. సరిగ్గా ఆ రెంటి మధ్య టేపు తెగింది.

ఇప్పుడు మే నెల మధ్యాహ్నం మూడు గంటలైంది. రికార్డింగులో హోరు పడుతుందని షారోన్ ఏసీ ఆపేసింది. బట్టల కొట్ల వెనక సందులో, మేడ మీద గది అది. గాలి కోసం తలుపు ఓరగా తీసి పెట్టింది. కింద సందులో కూడా మనిషి అలికిడి లేదు.

"ఇంగొకసారి ఎయ్యిమ్మా," అన్నాడు ఉమైర్.

షారోన్ వేసింది. సన్నటి, తొందర లేని గొంతు. "నా కోసం యాడా ఎతకొద్దు. ఈ క్యాసెట్ నీకు అందేసరికి నేను ఈడ ఉండను. పిల్లోడ్ని మీ అమ్మ బాగా చూసుకుంటాది. పాటల క్యాసెట్టని చెప్పి ఆమె చేతికే ఇస్తా, నీకు పంపమని. ఉంటా మరి."

తర్వాత బటన్ నొక్కిన చప్పుడు. ఆ వెంటనే శుభాకర్ గొంతూ హుమాయున్ డ్రమ్సూ తలకిందులుగా మీద పడ్డాయి. షారోన్ ఆపేసింది.

"చాలన్నా. ఈ పొద్దుకు చాలు."

"చాలదు." ఉమైర్ ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. మాట్లాడేటప్పుడు చేతిలో వైరు ముక్క ఏదో ఒకటి మెలిపెడుతూ ఉంటాడు. "మా అమ్మను ఎవరో చంపినారని కొందరు, పడిపోయిందని కొందరు, ఇన్నాళ్ళూ ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు చెప్పినారు. తానే పోయిందని ఇప్పుడు ఆమె నోటితోనే ఇన్నా. నన్ను ఉయ్యాల్లో ఏసి పోయి సచ్చిపోయింది. యెందుకు పోయిందో అది ఇనకుండా నేను ఇంటికి పోలేను మ్మా. ఇంట్లో మా నాయన మంచం మీద కూర్చొని ఉండాడు. ఆ క్యాసెట్టులో ఏముంది రా అని అడుగుతాడు."

షారోన్‌కు ఏడుపొచ్చింది. దాని వెనకే, అంటే సిగ్గుచేటు గానీ, మనసులో ఒక మూల ఊపిరి ఆడింది. మెహతాబ్ తనంతట తానే పోయి ఉంటే తండ్రి చెప్పింది నిజమే. చర్చిలో వెనక బెంచీ వాళ్ళు ముప్పై ఏళ్ళుగా గుసగుసలాడుకున్న మాట ఇవాళ్టితో చెరిగిపోతుంది. ఒక మనిషి చావు వల్ల తన తండ్రి పరువు నిలుస్తుందని సంతోషపడుతున్నానా అని ఆమెకు తనమీద తనకే అసహ్యం కలిగింది. చేతులు మాత్రం టేపును అతికించే పనిలో పడ్డాయి.

అతుకు ఆరాక క్యాసెట్‌ను నాలుగు ట్రాకుల మెషిన్‌లో పెట్టి, ఆఖరి పాట నడిపింది. కంప్యూటర్లోకి ఎక్కాలంటే పాట సాంతం నడవాల్సిందే. ఇద్దరూ విన్నారు.

పాడే మనిషి లేని పాట అది. గిటారు ఉంది. కీబోర్డు ఉంది. గొంతు ఉండాల్సిన చోట ఆ వెనక్కి నడిచే మాటలున్నాయి. మాట ముందు, ఊపిరి తర్వాత వస్తోంది. ఏ భాషా కాదు, అయినా ఎవరినో బతిమాలుతున్నట్టు తెలిసిపోతోంది. గిటారు మైకులోంచి దూరంగా జనం ఈలలు వినిపిస్తున్నాయి.

గోడ మీద జ్ఞానమ్మ ఫోటో ఉంది. ఆమె పోయి రెండేళ్ళయింది. రెండో ట్రాకులో ఆమె వేళ్ళు. మూడో ట్రాకులో మెహతాబ్. తన తల్లి వాయిస్తుంటే ఉమైర్ తల్లి పక్కన నిలబడి వెనక్కి మాట్లాడుతోంది. షారోన్ దోహాలో పనిచేసిన రోజుల్లో నాలుగు రోజులు వచ్చి ఉండి వెళ్ళమని తల్లిని ఎన్నిసార్లు పిలిచిందో. పాస్‌పోర్టు మాట ఎత్తితే చాలు, జ్ఞానమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. విమానం ఎక్కకుండానే పోయింది. షారోన్ కళ్ళు తుడుచుకుని మెషిన్ వైపు తిరిగింది.

పాట ముగిసింది. చప్పట్లు ఆగాయి. టేపు ఆఖర్న టక్ టక్ అని రెండు, కాస్త ఎడంగా టక్ అని ఒకటి వినిపించాయి. హుమాయున్ కర్రలు కింద పెట్టిన చప్పుడు కాబోలనుకుంది షారోన్. డ్రమ్స్ ట్రాకు చెరిగిపోయిందని ఆమెకు ఆ క్షణంలో గుర్తు రాలేదు.

మూడో ట్రాకును విడదీసి, తిరగేసి, మాట ఎక్కడ మొదలైందో అక్కణ్ణుంచి వేసింది. ఈసారి హెడ్‌ఫోన్లు కాదు, స్పీకర్లలో.

"...సలామలైకుం. నేను మెహతాబ్‌ను. ఈడ ఎవురూ లేరు, అందుకే తిన్నగా మాట్లాడతాండా. మనింట్లో రికార్డర్ పెడితే పదిమంది చుట్టూ కూర్చుంటారు గదా. అందరి సలాములూ అయిపోయి నా వంతు వచ్చేసరికి, బాగుండా, నువ్వు బాగుండు, అని లేచిపోతా. ఈ పొద్దు అంతా చెప్తా.

"ఉమైరుకు కింద రెండు పండ్లు వచ్చినాయి. నా ఏలు కొరుకుతాండాడు. తిక్కోడు.

"నువ్వు పంపిన క్యాసెట్టు అందరం ఇన్నాం. బాగుండా, పని బాగుంది అన్నావు. అందరూ సంతోషపడినారు. నేను పడలే. నువ్వు మాట్లాడేటప్పుడు రెండు చేతుల్తో బల్ల మీద కొడతావు. అది లేకుండా నీకు మాట రాదు. ఈసారి ఒగ చెయ్యే కొట్టింది. రెండో చెయ్యి యాడికి పోయింది? ఏం జరిగింది ఆ చేతికి? ఎవురికీ చెప్పొద్దనుకున్నావు. నాకు ఇనపడింది.

"నువ్వు రాలేవు. నీ పాస్‌పోర్టు సేటు దగ్గరుంది. అందుకే నేనే వస్తాండా. ఇంటిపని వీసా దొరికింది. ఒక యేడాది నేను పనిచేస్తా, నిన్ను ముందు పంపిస్తా, ఎనక నేనొస్తా. మీ అమ్మకు చెప్తే నన్ను పోనీదు. ఉమైరును ఇడిసిపెట్టాలంటే పేగులు తెగిపోతాండాయి. వాడు బాగా నడిచేలోపల ఇద్దరం వాడి దగ్గర ఉంటాం. నీ అడ్రసు నా దగ్గర భద్రంగా ఉంది. నేనే వచ్చి నిన్ను పట్టుకుంటా. నువ్వు"

అక్కడ టేపు అతుకు.

షారోన్ వేళ్ళు వాటంతటవే ముందు దొరికిన ముక్కను పక్కన చేర్చాయి. "నువ్వు నా కోసం యాడా ఎతకొద్దు," అంది గొంతు.

ఉమైర్ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు.

"చావడానికి పోల్యా," అన్నాడు. "మా అమ్మ చావడానికి పోల్యా. మా నాయన చేతికి దెబ్బ తగిలింది నిజమే. కుడి చేతికి మూడేండ్లు సరిగ్గా పట్టు లేదు. ఎవురికీ చెప్పలే. ఈమె ఇన్నది!" కాసేపటికి మళ్ళీ అన్నాడు, "పాటల క్యాసెట్టని చెప్పి మా జేజికిచ్చింది. మా జేజికి ఆ పాటలంటే గిట్టదు. కొడుకు మళ్ళా వాటి ఎంటపడి పని చెడగొట్టుకుంటాడని పంపలే. పెట్టెలో ఏసి తాళం పెట్టింది. కోడలు ఏమైందో తెలీక ముప్పై ఏండ్లు నమాజులో ఏడ్చింది మ్మా. ఆ పెట్టె ఆమె మంచం కిందనే ఉండె."

షారోన్ అతని భుజం మీద చెయ్యి వేసింది.

"మొదలు నుంచి ఎయ్యి," అన్నాడు ఉమైర్. "సలామలైకుం అనేది సగం నుంచే వచ్చింది. దానికి ముందు బిస్మిల్లా అనింటాది. అది ఇనాల నేను."

నిజమే, మాట మొదలైందనుకున్న చోటుకు కాస్త ముందు తెర మీద సన్నటి గీతలు కొన్ని ఉన్నాయి. బటన్ చప్పుడనుకుని షారోన్ వదిలేసిన భాగం అది. దాన్ని కూడా కలిపి, శబ్దం పెంచి వేసింది.

టక్.

కాస్త ఎడం.

టక్ టక్.

తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత మెల్లగా, "బిస్మిల్లా. అస్సలామలైకుం."

ఉమైర్ ముఖం విప్పారింది. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "ఆ టక్కులేంది? మా నాయన తాళమా?"

"మీ నాయన అప్పటికి కువైట్‌లో ఉండాడు గదన్నా," అంది షారోన్. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

ఆమెకు తెలుసు. ప్రతి ఆదివారం చర్చిలో వింటూనే ఉంది. మైకు ఏదైనా సరే, దాని ముందు నిలబడితే శుభాకర్ గోటితో ఒకసారి కొడతాడు, ఆగుతాడు, రెండుసార్లు కొడతాడు. అప్పుడు గాని నోరు తెరవడు. చిన్నప్పుడు ఆమె గరిటెను మైకులా పట్టుకుని ఆ తట్టడాన్ని అనుకరిస్తే జ్ఞానమ్మ పడీ పడీ నవ్వేది. ఆ ఉత్తరానికి మైకు సరిచేసి, మెహతాబ్‌కు కుర్చీ వేసి, అవతలకి వెళ్ళిపోయిన మనిషి శుభాకర్. తన గడప తొక్కలేదని బైబిలు మీద ప్రమాణం చేసిన శుభాకర్.

ఇంకొకటి కూడా తోచింది ఆమెకు. ఆ వైపు పాడైపోలేదని, దాని మీద రికార్డు చేస్తే కచేరీలో గొంతు చెరిగిపోతుందని తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఉన్నాడు. ఆ గొంతు కూడా అతనిదే. ఇందులో పొరపాటేమీ లేదు.

"నీకు తెల్సు," అన్నాడు ఉమైర్ లేచి నిలబడి. "నీ మొగం జూస్తే తెలుస్తాంది. ఎవురిదమ్మా అది?"

తెర మీద ఆ మూడు గీతలూ కనిపిస్తున్నాయి. ఎంచుకుని ఒక్క బటన్ నొక్కితే పోతాయి. క్యాసెట్ అసలే పాతది, ఇంకోసారి వేస్తే ఎక్కడో ఒకచోట తెగుతుంది. తండ్రికి అరవై దాటాయి. ఎవరికి తెలుస్తుంది? షారోన్ చెయ్యి మౌస్ మీదే ఉంది. ఉమైర్ ఆ చెయ్యి వైపు చూశాడు గానీ అడ్డుపడలేదు.

ఆమె చెయ్యి తీసేసింది. "అన్నా, అది మా..."

"నాది," అంది తలుపు దగ్గర గొంతు.

ఎప్పుడొచ్చాడో, శుభాకర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న కాగితం పొట్లం ఉంది. మెషిన్‌కు బెల్టు అరిగిపోయిందని పొద్దున కూతురు చెబితే, అటక మీద వెతికి పాతది తెచ్చాడు. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు.

"నాయనా, ఆమె మనింటికి రానే లేదన్నావు," అంది షారోన్.

"అన్నా."

"బైబిలు మీద చెయ్యేసినావు."

"ఏసినా మ్మా. దానికి నేను జవాబు చెప్పుకోవాల్సిన చోట చెప్పుకుంటా."

"నీ పాట పోతాదని తెల్సే చెరిపినావు గదా? ఇంట్లో ఇంగో క్యాసెట్టు లేకనా?"

"శానా ఉండె." శుభాకర్ కూతురి వైపు కాకుండా ఉమైర్ వైపు చూస్తూ చెప్పాడు. "ఉత్త క్యాసెట్టు ఇస్తే మీ జేజి నలుగురినీ కూర్చోబెట్టి ఇంటాది. మా పాటల క్యాసెట్టయితే ముట్టను గూడా ముట్టదు. అందుకని నేనే ఏరి అది ఇచ్చినా. ఆమె ఇనదని నాకు తెల్సు అప్పా. పంపదని తెలీల్యా."

గదిలో ఉక్కగా ఉంది. ఉమైర్ చేతిలో వైరు ముక్క రెండుగా తెగింది.

"మైలవరం కట్ట మీద ఆ చెప్పులు," అన్నాడు.

"నేనే పెట్టినా. ఆమె మద్రాసులో ఇమానం ఎక్కేదాకా ఎవురూ ఆ దిక్కు చూడకుండా ఉండాలని. రెండు దినాలకని పెట్టినా. రెండు దినాలు ముప్పై ఏండ్లయినాయి."

"అపద్దం!" ఉమైర్ ఒక్కడుగు ముందుకు వేశాడు. షారోన్ ఇద్దరి మధ్యకూ వచ్చింది. "కువైట్‌కు పోయింటే మా నాయన దగ్గరికి రాదా? ఆమె పోయినాక మూడేండ్లు ఆయన ఆడనే ఉండె! ఆఫీసుల్లో అడిగింటే చెప్పరా?"

"ఏ పేరు చెప్పి అడుగుతావప్పా?" శుభాకర్ గొంతులో అలసట తప్ప ఏమీ లేదు. "మెహతాబ్ అనే మనిషి ఈ దేశం దాటనే ల్యా. అంత తొందరగా ఆమెకు పాస్‌పోర్టు రాలేదు. వీసాకు గడువు అయిపోతాండె. మా ఇంట్లో ఒక పాస్‌పోర్టు ఊరికే ఉండె. ఆమె వయసే, ఆమె ఎత్తే. ఫోటో ఒకటి మార్పించినాం."

షారోన్ తల గోడ వైపు తిరిగింది. ఫోటోలో జ్ఞానమ్మ ఎప్పటిలాగే కొంచెం నవ్వుతోంది. పాస్‌పోర్టు మాట ఎత్తితే వంటింట్లోకి ఎందుకు పోయేదో ఇన్నేళ్ళకు తెలిసింది.

"మా అమ్మది," అంది మెల్లగా.

"మీ అమ్మే ఇచ్చింది. తానే చేతిలో పెట్టి పంపింది." శుభాకర్ కుర్చీ కోసం తడుముకుని కూర్చున్నాడు. స్పీకర్లలో ఉత్తరం ఎప్పుడో అయిపోయి, సన్నటి హోరు ఒక్కటే మిగిలింది. ఆయన ఉమైర్‌ను దగ్గరికి రమ్మన్నట్టు చెయ్యి చాపాడు. ఉమైర్ రాలేదు.

"రెండేండ్ల కిందట జమ్మలమడుగులో నేను పూడ్చింది ఒక జ్ఞానమ్మను," అన్నాడు శుభాకర్. "ఇంగొక జ్ఞానమ్మ, మీ జేజి పోయిన మూడో దినం, నాకు ఫోన్ చేసింది."